సాలగ్రామములను గుర్తించు విధము

పూర్వాచారము నిలిచియున్న తెలుగిండ్లలో దేవతార్చన పేటిక లేని యిల్లు అరుదు. ఆ పేటికలో విగ్రహములతోబాటు నల్లని రాళ్ళు కొన్ని యుండును. వానినే సాలగ్రామములందుము. దినదినము వానికి అభిషేకము జరుగును. ఆ తీర్థమును ఇంటిల్లిపాదియు పుచ్చుకొందురు. అర్చనపాత్రలు తోముట, మడినీళ్ళు తెచ్చుట, నైవేద్యము వండుట మనకు నిత్యకృత్యములు. ఇంత సేవ చేయుచును, ఆ రాళ్ళలో ఏది యేదో, ఏది యెక్కడినుండి వచ్చినదో చెప్పగలవారు మనలో నెందరు?

పెద్దలున్నంత కాలము ఈ ప్రశ్న పుట్టదు. వారు కాలము చేసిన పిమ్మట, పిల్లలు ఉద్యోగములకై పట్టణములకును పరదేశములకును పోయిన పిమ్మట, పేటికను ఎవరు తీసికొందురన్న మాట వచ్చును. మేమెరిగిన ఒక కుటుంబమున పెద్దాయన పోయిన యేడాది తిరుగకముందే రాళ్ళన్నిటిని ఒక సంచిలో పోసి కాలువలో విడిచిరి. నిత్యార్చన చేయలేనివారు అట్లు చేయుట తప్పని మేమనము. కాని ముక్తినాథమునుండి పూర్వులు కాలినడకన తెచ్చినది యేదో, తీర్థయాత్రలో అంగడియందు కొన్న చెక్కుడురాయి యేదో చూడకయే విడిచిరి. విడుచువారైనను దాచుకొనువారైనను, తామేమి విడుచుచున్నారో, ఏమి దాచుచున్నారో తెలిసికొనవలెనని మా యభిప్రాయము. అందుకు మార్గము కష్టమైనది కాదు. ఒక భూతద్దము, ఒక కొలబద్ద, ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక చాలును.

ఆ రాతిలోని ప్రాణి

చక్రము గల సాలగ్రామములలో చాల భాగము అమ్మొనైటు అను సముద్రప్రాణి యొక్క శిలాజములు. దీని గుల్ల నత్తగుల్లను పోలియుండును గాని యిది నత్త కాదు. దీని చుట్టములు నేటికిని సముద్రములలో నున్నవి. ఎనిమిది చేతుల ఆక్టోపసు వానిలో నొకటి. మన వైద్యులు సముద్రఫేనమను పేర వాడెడి తెల్లని, తేలికయైన బిళ్ళ ఏ ప్రాణి శరీరములోనిదో, ఆ కటిల్‌ఫిష్ మరియొకటి. చుట్టగుల్లతో నేటికిని జీవించియున్న నాటిలసు దూరపు బంధువు.

అమ్మొనైటు గుల్లలోపల అడ్డుగోడలుండును. ఆ గోడలవలన గుల్ల అరలు అరలుగా విభాగింపబడును. ప్రాణి కడపటి అరలో మాత్రమే నివసించును. శరీరము పెరిగినకొలది ముందునకు జరిగి, వెనుక మరియొక గోడ కట్టుకొనును. కుటుంబము పెరిగిన గృహస్థు పాత గదులను విడువక ముందువైపున కొత్త గది వేసికొన్నట్లుండును ఈ పద్ధతి. వెనుకటి అరలన్నిటిని కలుపుచు ఒక సన్నని గొట్టము పోవును. ఆ గొట్టము మూలమున అరలలోని నీరు తొలగి వాయువు చేరగా ప్రాణి మునుగక తేలుచుండును.

ఈ కుటుంబమునకు మూలమైన ప్రాణులు 40 కోట్ల యేండ్లకు పూర్వమే పుట్టినవి. రాక్షసిబల్లులు నశించిన కాలముననే, అనగా 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట, ఇవియు నశించినవి. కావున బ్రతికియున్న అమ్మొనైటును మానవుడెవడును చూడలేదు. పొట్టేలి కొమ్ములు ధరించిన ఈజిప్టు దేవత అమ్మోను పేరుమీద ప్రాచీన రోమకులు ఈ రాళ్ళను అమ్మోను కొమ్ములని పిలిచిరి. ఆ మాటనుండియే నేటి పేరు వచ్చినది.

సముద్రప్రాణి హిమాలయమున నుండుట యెట్లు? ఆ పర్వతములు పుట్టక పూర్వము ఆ తావున టెథిస్ అను సముద్రముండెను. సుమారు 16 కోట్ల యేండ్లనుండి 14 కోట్ల యేండ్ల క్రిందటి కాలమున దాని యడుగున నల్లని బురద పేరుకొనెను. చచ్చిన అమ్మొనైటుల గుల్లలు ఆ బురదలో కూరుకొనిపోయెను. కొన్ని గుల్లల చుట్టును ఖనిజములు చేరి, తక్కిన బురదకంటె ముందుగనే గట్టిపడి, గుండ్లుగా నేర్పడెను. మిగిలిన బురద పలుచని పొరలుగా విడిపోవు మెత్తని రాయి యయ్యెను. పిదప, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట, భారతభూభాగము ఉత్తరమునకు జరిగి ఆసియాను తాకగా ఆ సముద్రపుటడుగు పైకి లేచి పర్వతమైనది. హిమాచలమునందలి స్పితి లోయ పేర ఈ నల్లరాతిని స్పితి షేలు అందురు. ఇట్టి రాయియే నేపాళమునందలి ముస్తాంగు ప్రాంతమున నున్నది. కాళీగండకి దానిని కోసికొనుచు ప్రవహించును. మెత్తని పొరలు కరగిపోగా గట్టి గుండ్లు జారి నదిలో పడి, దొర్లి దొర్లి నున్నబడును. ఆ సమీపముననే సముద్రమట్టమునకు 3,700 మీటర్లకు పైయెత్తున ముక్తినాథ క్షేత్రమున్నది.

మన పెద్దల కన్ను, శాస్త్రజ్ఞుల కన్ను

తులసి శాపమువలన శ్రీమహావిష్ణువు గండకీతీరమున శిలారూపము దాల్చెననియు, వజ్రకీటము ఆ శిలలను తొలిచి లోపల చక్రములను చేసెననియు పురాణగాథ. పురాణమును భూగర్భశాస్త్రముగా చదువుట మాకు సమ్మతము కాదు. ఐనను ఆ రాతిలోని చక్రమును శిల్పి చెక్కలేదని, ఒక ప్రాణి చేసినదని మన పెద్దలు తలచుట గమనింపదగిన విషయము.

అంతియ కాదు. అగ్నిపురాణమునందును గరుడపురాణమునందును సాలగ్రామలక్షణములు చెప్పబడినవి. చక్రములెన్ని, రంధ్రమెట్లున్నది, రేఖలెట్లున్నవి, వర్ణమేది అని చూచి వాసుదేవుడు, సంకర్షణుడు, నారసింహుడు మొదలగు పేర్లు పెట్టిరి. పరదేశపు శాస్త్రజ్ఞులును చిహ్నములను చూచియే పేర్లు పెట్టిరి. ఫ్రెంచి యాత్రికుడు సొన్నెరా 1782లో ప్రచురించిన గ్రంథమున సాలగ్రామము శిలగా మారిన అమ్మోను కొమ్మేయని వ్రాసెను. 1903 మొదలు 1910 వరకు ఊలిగ్ అను పండితుడు స్పితి షేలులోని అమ్మొనైటులను పెద్ద సంపుటముగా వర్ణించెను. రెండు మార్గములును లక్షణమునే ఆశ్రయించినవి గాని, ఎన్నుకొన్న లక్షణములు వేరు. కావున మేము నోటుపుస్తకమున రెండు వరుసలు గీసి, ఒక దానిలో అర్చనానామమును, రెండవ దానిలో ప్రాణినామమును వ్రాయుదుము. ఒకటి వ్రాసినందున రెండవది చెరిగిపోదు.

పరీక్షించు క్రమము

సాలగ్రామమును స్త్రీలు తాకరాదను ఆచారము మా యింట కలదు. అట్టి ఆచారము గల సోదరీమణులు నిరాశ చెందనక్కరలేదు. మా వారు రాతిని చేతబట్టి త్రిప్పుచుండగా మేము భూతద్దముతో చూచి వ్రాసికొంటిమి. ఆచారము తాకుటకు అడ్డుచెప్పినది గాని చూచుటకు చెప్పలేదు.

పరీక్షకు మంచి సమయము అభిషేకము ముగిసిన వెంటనే. రాయి తడిగా నున్నప్పుడు సన్నని గీతలు స్పష్టముగా కనబడును. వెలుతురు తలపైనుండి కాక కిటికీనుండి ఏటవాలుగా పడవలెను. అప్పుడు ప్రతి గట్టునకును నీడ యేర్పడును. తరువాత క్రింది యారు విషయములు వరుసగా చూడవలెను.

మొదటిది చుట్టు. నత్తగుల్ల సాధారణముగా గోపురమువలె ఒక ప్రక్కకు లేచుచు చుట్టుకొనును. అమ్మొనైటు గుల్ల చుట్టకుదురువలె ఒకే తలములో చుట్టుకొని, రెండు ప్రక్కలును ఒకే తీరుగ నుండును. లోపలి చుట్టు సన్నముగా మొదలై, వెలుపలకు వచ్చినకొలది క్రమముగా లావగును.

రెండవది అతుకుగీత. అడ్డుగోడ గుల్లను అంటుకొన్న చోట ఏర్పడిన గీత యిది. పైగుల్ల రాలిపోయి లోపల నిండిన రాయి బయటపడిన చోట మాత్రమే కనబడును. నాటిలసు గీత సాదాగా వంగియుండును. బహుప్రాచీనములైన కొన్ని జాతుల గీత ముగ్గులోని మెలికవలె నుండును. మరికొన్నిటి గీతలో వంపుల అడుగున రంపపు పండ్లవంటి గంట్లుండును. నిజమైన అమ్మొనైటు గీత కొత్తిమీర ఆకు అంచువలె చీలికలు చీలికలుగా నుండును. ఈ కొత్తిమీర గీత కనబడెనా, ఇక సందేహమక్కరలేదు.

మూడవది గొట్టము. రాయి విరిగి అడ్డుకోత కనబడు చోట దీనిని వెదకవలెను. అమ్మొనైటు గొట్టము చుట్టు యొక్క వెలుపలి అంచునంటి పోవును. నాటిలసు గొట్టము గోడ నడుమనుండి పోవును.

నాల్గవది నాభి. చక్రము నడిమి పల్లమునకు ఈ పేరు. వెలుపలి చుట్టు లోపలి చుట్టులను చాలవరకు కప్పివేసినచో నాభి చిన్నది. లోపలి చుట్టులన్నియు చుట్టుకొన్న పామువలె బయటికి కనబడినచో నాభి పెద్దది. చక్రము అడ్డుకొలతను, నాభి అడ్డుకొలతను మిల్లీమీటర్లలో వ్రాసికొనవలెను. అడ్డుకొలత 80, నాభి 32 అయినచో నాభి నూటికి 40 వంతులన్నమాట. జాతిని నిర్ణయించువారు మొదట అడుగునది ఈ లెక్కయే.

అయిదవది గట్లు. చక్రముమీద ఆకులవలె కనబడు వరుసలివి. గట్టు నాభియొద్ద ఒకటిగా బయలుదేరి వెలుపల రెండుగా చీలినదా, మూడు నాలుగు పాయలైనదా, అసలు చీలనే లేదా, గట్లపై బుడిపెలున్నవా అని చూడవలెను. చీర కుచ్చిళ్ళు సరిచేయు కన్నులకు ఇది కష్టమైన పని కాదు.

ఆరవది వెన్ను. అనగా చుట్టు యొక్క వెలుపలి యంచు. గట్లు దాని మీదుగా అవిచ్ఛిన్నముగా పోవునా, నడుమ నున్నని దారియో గాడియో అడ్డుపడునా, పడవ వెన్నువలె నిక్కిన గట్టున్నదా అనునది చాల ముఖ్యము.

మా పేటికలోని యేడు రాళ్ళు

ఈ క్రమమున మా యింటి పేటికలోని యేడు రాళ్ళను చూచితిమి. అందు మొదటిది నిమ్మపండంత నున్నని గుండు. ఒక ప్రక్క రంధ్రము. దీపము దగ్గర పెట్టి రంధ్రమున చూడగా లోపల గట్ల యచ్చు కనబడినది. అమ్మొనైటు అనుటకు అది చాలును. అంతకుమించి జాతిని నిర్ణయింపవలెనన్న గుండును పగులగొట్టవలెను. అర్చాశిలను పగులగొట్టుట మాట తలపెట్టరాదు. అర్చనలో లేని రాతినైనను పేరుకొరకు పగులగొట్టుట అవివేకము.

రెండవ దానిలో చక్రము పూర్తిగా బయటికున్నది. నాభి వెడల్పు. గట్లు బలముగా, పదునుగా నుండి ప్రక్కమధ్యమును దాటిన పిమ్మట రెండుగా చీలినవి. లోపలి చుట్టుల వెన్నుమీద గాడి యున్నది. ఇవి బ్లాన్‌ఫోర్డిసెరాసు అను తెగ లక్షణములు. స్పితి షేలులో నిది తరచుగా దొరకునది. మూడవ దానిలో నాభి బహుచిన్నది. నాభియొద్ద నున్నగా నుండి, వెలుపలి సగమున మాత్రము గట్లు తేలినవి. ఇది హాప్లోఫిల్లోసెరాసు తెగను పోలియున్నది. గట్లు కట్టలు కట్టలుగా మూడు నాలుగు పాయలై వెన్నుమీదుగా పోయినచో విర్గటోస్ఫింక్టీసు అనియు, నాభిచుట్టును బుడిపెలు పేర్చినట్లున్నచో స్పిటిసెరాసు అనియు తలపవచ్చును. అట్టివి మా పేటికలో లేవు.

నాల్గవది సగము గుండు. దానిలో చక్రము ఉబ్బుగా గాక పల్లముగా నున్నది. ఇది ప్రాణి విడిచిపోయిన అచ్చు. పచ్చి గచ్చుమీద గవ్వ నొక్కి తీసినట్లన్నమాట. దీనిని తలక్రిందుగా చదువవలెను. ఇందలి గాడి అసలు గుల్లమీది గట్టు. ఇందలి గట్టు అసలు గుల్లమీది గాడి. అయిదవ దానిలో చక్రపురేఖలు బంగారువన్నెతో మెరయును. అట్టి దానిని హిరణ్యగర్భమందురు. ఆ మెరపు బంగారము కాదు. ఇనుమును గంధకమును కలిసిన పైరైటు అను ఖనిజము. గాలి చొరని బురదలో గుల్ల కూరుకొన్నప్పుడు అది యేర్పడినది.

ఆరవది వన్నెలో తెల్లనిది. దానిమీద పూలవంటి చిన్న చిన్న చక్రములు బారులు తీరియున్నవి. ఇది ద్వారకాశిల. అమ్మొనైటు కాదు, పగడపుజాతి ప్రాణుల గూడు. దీనితో కూడ నుంచు గోమతీచక్రములును అమ్మొనైటులు కావు. అవి ఒకవిధమైన సముద్రపు నత్త తన గుల్లవాకిట మూసికొను తలుపుబిళ్ళలు. ఏడవది నల్లని నునుపురాయి. చుట్టు లేదు, గీత లేదు, అచ్చు లేదు. దానికి ప్రాణినామపు వరుసలో "రాయి" అని మాత్రమే వ్రాసితిమి. అర్చనానామపు వరుసలో దాని పేరు దానికున్నది.

మరియొక హెచ్చరిక. ఒకటి పెద్దదిగను, ఒకటి చిన్నదిగను ఉండి, లోపలి చుట్టులు ఒకేరీతిగ నున్న రెండు చక్రములను చూచినప్పుడు తొందరపడి రెండు జాతులని వ్రాయరాదు. పూర్వము పండితులు అట్లే వేరు పేర్లు పెట్టిరి. 1960 తరువాతి దశకమున జరిగిన పరిశోధనలవలన, చాల జాతులలో పెద్ద గుల్ల ఆడుదానిదియు, చిన్న గుల్ల మగదానిదియు నని తలచుచున్నారు.

నకిలీలు

సాలగ్రామమునకు వెలకట్టి అమ్మరాదని పెద్దలందురు. ఐనను అంగడిలో అమ్మకము సాగుచునేయున్నది. అమ్మకమున్న చోట నకిలీయు నుండును. నల్లరాతిమీద చక్రము చెక్కినవి కొన్ని. సిమెంటుతోను జిగురుపదార్థములతోను అచ్చుపోసినవి కొన్ని. చెక్కిన చక్రమున గాడులన్నియు ఒకే లోతున, ఒకే వెడల్పున నుండును. భూతద్దములో ఉలిగీతలు కనబడును. ప్రాణి కట్టిన చక్రమున గట్లు నాభియొద్ద సన్నమై, వెలుపలకు క్రమముగా బలియును. చీలికలు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరున నుండును. అచ్చుపోసిన దానిలో గాలిబుడగల గుంటలును, రెండు అచ్చులు కలిసిన చోట అతుకును కనబడును. రెండు రాళ్ళు అన్ని విధముల ఒక్కటిగానే యున్నచో ఆ రెంటిని నమ్మరాదు. బియ్యములో పెట్టిన రాత్రికి రాత్రి బరువు పెరుగునని చెప్పెడి పరీక్షలవలన ఏమియు తేలదు. బరువును తక్కెడ చెప్పును. చక్రమును కన్ను చెప్పును.

కాపాడు విధము

ఇత్తడికి చేసినట్లు ఈ శిలలకు చింతపండుగాని నిమ్మరసముగాని తగిలింపరాదు. గుల్లలో సున్నపుపదార్థమున్న చోట పులుపు దానిని కరగించును. నూరేండ్ల పూజ చెరపని గీతను ఒక్క పండుగనాటి తోముడు చెరపగలదు. మెత్తని గుడ్డయు, మంచినీళ్ళును చాలును. బంగారువన్నె గల శిలను అభిషేకానంతరము బాగుగ తుడిచి ఆరనిచ్చి పేటికలో పెట్టవలెను. తేమ నిలిచినచో పైరైటు చెడి, తెల్లని పొడి రాలును. దానినుండి పుట్టు ఆమ్లము రాతినే తినివేయును. అట్టి పొడి కనబడినచో దానిని తక్కిన వానినుండి వేరుచేసి పొడిచోట నుంచవలెను.

ఊరు పేరు లేని రాయి

ఇంతవరకు చెప్పినదంతయు రాతిని చూచి తెలిసికొనదగినది. రాతిని ఎంత చూచినను తెలియని సంగతి యొకటి కలదు. అది ఎక్కడినుండి, ఎవరిద్వారా, ఎప్పుడు వచ్చినది? ఈ సంగతి పెద్దల నోట మాత్రమే యుండును. మా అత్తగారిని అడుగగా ఏడింటిలో నాలుగింటి కథ చెప్పిరి. ఒకటి వారి మామగారి తండ్రి ముక్తినాథమునుండి తెచ్చినది. రెండు పెండ్లిలో వియ్యాలవారిచ్చినవి. ఒకటి ఊరు విడిచి పోవుచు పొరుగింటి వృద్ధురాలు అప్పగించినది. అంతయు విని మేము వ్రాసికొనుచుండగా, "ఏమమ్మా, ఇది సముద్రపు పురుగని తేలింది కదా, రేపటినుంచి తీర్థం పుచ్చుకోరా ఏమిటి?" అని అడిగిరి. నవ్వుచునే అడిగినను ఆ ప్రశ్నలో భయమున్నది. "పదునాలుగు కోట్ల యేండ్లనాటి దేవుడని తెలిసింది అత్తయ్యా, ఇంకా భక్తిగా పుచ్చుకుంటాము" అని మేమంటిమి. పిమ్మట వారు మరచితిమనుకొన్న అయిదవదాని కథయు చెప్పిరి.

ఈ భయమును తేలికగా చూడరాదు. బడిలో శిలాజపాఠము చదివిన పిల్లవాడు ఇంటికి వచ్చి "ఇది దేవుడు కాదు, గుల్ల" అనును. పెద్దలు కోపగించి "నోరు మూయి" అందురు. ఆ పిల్లవానికి పూజమీద గౌరవము పోవును. పెద్దలకు చదువుమీద గౌరవము పోవును. నడుమ నున్న తల్లి రెంటిని ఎరిగినదై యున్నచో ఈ నష్టము తప్పును.

ఇట్టి రాళ్ళను పవిత్రముగ చూచుట మనయొక్కరిదే కాదు. ఇంగ్లండునందలి విట్బీ తీరమున దొరకు అమ్మొనైటులు హిల్డా యను మఠాధిపతురాలు రాళ్ళుగా మార్చిన పాములని అచ్చటివారు నమ్మిరి. పాము తల లేదేమని అడుగువారికొరకు శిల్పులు తల చెక్కి అమ్మిరి. శాస్త్రజ్ఞులు ఆమె పేరనే ఒక తెగకు హిల్డోసెరాసు అని పేరిడిరి. ఉత్తర అమెరికాలోని బ్లాక్‌ఫుట్ జాతివారు అమ్మొనైటు ముక్కలను ఇనిస్కిం అని పిలిచి భద్రముగా దాచుకొందురు. కరవుకాలమున కట్టెలకు పోయిన ఒక స్త్రీకి ఆ రాయి పాట వినిపించెననియు, దాని మహిమవలన అడవిదున్నలు మరల వచ్చెననియు వారి గాథ.

కాగితపుముక్క విలువను తెలిపిన స్త్రీలును కలరు. ఇంగ్లండు దక్షిణతీరమున లైమ్ రీజిస్ అను చిన్న ఊరిలో మేరీ అన్నింగ్ (1799–1847) అను వడ్రంగి కూతురు కొండచరియలలో శిలాజములు ఏరి అమ్మి జీవించెను. పెద్ద చదువులు లేకున్నను, రాతిలోని ప్రాణిని తెలిసికొనుటకై నేటి చేపలను, కటిల్‌ఫిష్‌లను కోసి చూచి నేర్చుకొనెను. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్పాట్ తన సోదరీమణులతో కూడ ఇంటిలోనే పెద్ద సంగ్రహము కూర్చి, ఒక్కొక్క శిలాజమునకు చిన్న కాగితము చేర్చి యుంచెను. ఆ కాలపు పండితులు ఆ యింటికి వచ్చి చూచిపోవుచుండిరి. ఆ సంగ్రహము నేడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నున్నది. లండను భూగర్భశాస్త్ర సంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుట 1919లో గాని మొదలు కాలేదు. సభలోనికి రానీయకున్నను వారి పని నిలిచినది.

మన పిల్లలు చూడదగిన చోట్లు

అమ్మొనైటుకొరకు హిమాలయమునకే పోనక్కరలేదు. తమిళదేశమునందలి అరియలూరు, పెరంబలూరు ప్రాంతములు వీనికి లోకప్రసిద్ధములు. అచ్చటి అమ్మొనైటులను 19వ శతాబ్దమున ఫోర్బ్సు, స్టోలిచ్కా, కోస్మాటు అను పండితులు వర్ణించిరి. గుజరాతునందలి కచ్ఛదేశము మరియొకటి. మన తెలుగునాటనే ఒంగోలు ప్రాంతపు బూదవాడ, వేమవరముల రాళ్ళలోను, పశ్చిమగోదావరి ప్రాంతపు రాఘవాపురపు షేలులోను అమ్మొనైటుల యచ్చులు దొరకినవి. అవి హిమాలయపు వానికంటె కొంత తరువాతి కాలమునకు చెందినవి. తూర్పుతీరము ఆనాడు సముద్రములో మునిగియుండెననుటకు అవి సాక్ష్యములు. సెలవులలో అట్టి తావులకు పోయిన పిల్లలు రాయి తెచ్చినచో, తెచ్చిన దినమే ఊరు, వాగు లేక గని, తేది వ్రాసిన కాగితము దానికి చేర్చుడని చెప్పవలెను. ఊరు పేరు లేని శిలాజము ముక్కు మొగము తెలియని అతిథివంటిది. ఆదరింపవచ్చును గాని అడిగి తెలిసికొనుటకేమియు నుండదు.

సోదరీమణులారా! రానున్న ఏకాదశినాడు అభిషేకము ముగిసిన పిమ్మట ఒక గడియ కాలము దీనికి కేటాయింపుడు. పేటికలోని రాళ్ళకు వరుసగా అంకెలు వేయుడు. అంకె రాతిమీద కాదు, పుస్తకములో వేసి, ఎదుట రాతి ఫోటో యంటింపుడు. అర్చనానామము, ప్రాణినామము, అడ్డుకొలత, నాభికొలత, వచ్చిన చోటు, ఇచ్చినవారి పేరు అను ఆరు సంగతులు వ్రాయుడు. ప్రాణినామము తెలియనిచో ఆ చోటు ఖాళీగా నుంచుడు. కొలతలున్నచో రేపు తెలిసినవారు నింపగలరు. వచ్చిన చోటు మాత్రము ఖాళీగా నుంచక, ఇంటనున్న పెద్దలను నేడే అడుగుడు. ఆ పుస్తకమును పేటికతోబాటే ఉంచుడు. రాయి కోట్లకొలది యేండ్లు వేచియుండగలదు. చెప్పగల పెద్దలు అంత కాలము వేచియుండరు.